ఆయిల్ మార్చారు సరే, పాతది ఎక్కడ పోశారు?

బండి బాగోగులు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: కారు కొని రెండేళ్లయింది. ఆయిల్ ఇంట్లోనే మార్చుకుంటే వారంటీ పోతుందంటున్నారు. నిజమేనా?
- ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: షోరూముల్లో చెప్పే మాట అదే. అయితే 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,500 కోట్ల రూపాయల పైచిలుకు జరిమానా వేసినప్పుడు మరో మాట కూడా చెప్పింది. బయట పని చేయించుకున్నారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేసే షరతు పెట్టకూడదంది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. పెద్దల తగాదా అలా ఉండగా, సర్వీస్ కౌంటర్ దగ్గర నిలబడి కమిషన్ ఉత్తర్వు వినిపించి గెలిచొచ్చే ఓపిక ఎంతమందికి ఉంటుంది? వారంటీ ఉన్నన్నాళ్లు అక్కడే చేయించి బిల్లులు దాచుకోవడం తెలివి. అది తీరాక పానా పట్టుకోవచ్చు.

ప్రశ్న: మా దగ్గర ఎండలు 42 డిగ్రీలు దాటుతాయి. మాన్యువల్‌లో 0డబ్ల్యూ-20 అని ఉంది, అది నీళ్లలా ఉంది. 20డబ్ల్యూ-50 పోస్తే ఇంజిన్‌కి బలం కదా?
- ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: సంగటి గట్టిగా ఉంటేనే బలం అన్న లెక్క ఇంజిన్ దగ్గర చెల్లదు. బయట ఎండ మండినా, మదనపల్లె చలి కొరికినా, నడుస్తున్న ఇంజిన్‌లో కూలెంట్‌ని థర్మోస్టాట్ దాదాపు 90 డిగ్రీల దగ్గరే పట్టి ఉంచుతుంది. డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న అంకె చల్లటి ఇంజిన్‌లో ఆయిల్ ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది. వెనకున్న అంకె 100 డిగ్రీల దగ్గర దాని చిక్కదనం. కొత్త పెట్రోలు ఇంజిన్లలో భాగాల మధ్య సందులు బాగా సన్నం. అక్కడికి చిక్కటి ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది, మైలేజీనీ తింటుంది. మాన్యువల్ రాసినవాళ్లకు రాయలసీమ ఎండ తెలియక కాదు.

డీజిల్ వాళ్లకూ ఒక మాట. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 డీజిల్ కార్లలో చాలావాటికి పొగగొట్టం దారిలో మసిని పట్టే డీపీఎఫ్ ఉంటుంది. బూడిద తక్కువగా మిగిల్చే ఆయిల్ పోయకపోతే అది పూడుకుపోతుంది.

ప్రశ్న: డీజిల్ కారులో ఆయిల్ మార్చిన వారానికే నల్లబడింది. అంగడివాడు మోసం చేశాడా?
- ఒక పాఠకురాలు, పుత్తూరు

జవాబు: లేదమ్మా, మసిని తనలో కలుపుకోవడమే దాని పని. పాలు కలిపిన టీ రంగుకు మారితే మాత్రం కూలెంట్ కలిసినట్టు, ఆ రోజు షెడ్డుకు వెళ్లాలి.

ప్రశ్న: ప్రతి శనివారం కారులో కొండకు వెళ్తాం. ఘాట్ ఎక్కే బండికి 3,000 కిలోమీటర్లకే ఆయిల్ మార్చాలని మా మెకానిక్ అంటాడు.
- ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: అంత అక్కర్లేదు. అలిపిరి నుంచి పైకి 18 కిలోమీటర్లు ఎక్కేసరికి ఇంజిన్ బాగా వేడెక్కుతుంది, ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరైపోతుంది. నిజానికి పిల్లల్ని రెండు కిలోమీటర్ల దూరంలో బడి దగ్గర దించి వెంటనే ఇంటికొచ్చే కారు ఆయిలే త్వరగా పాడవుతుంది. కొండ దారినీ, చిన్న ప్రయాణాలనీ మాన్యువళ్లు కఠిన వాడకం కిందే కడతాయి. 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది అని ఉంటే సగానికి తగ్గించుకుంటే ధారాళంగా సరిపోతుంది. శనివారం బయలుదేరే ముందు డిప్‌స్టిక్ తీసి చూడటం అంతకంటే ముఖ్యం. మట్టం బాగా తగ్గితే మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకు ఒరిగి, పంపు గాలి పీల్చే ప్రమాదం ఉంది.

ప్రశ్న: జాకీ పెట్టి, కింద దూరి, ఆయిల్ నేనే మార్చాను. అరగంటలో పనైపోయింది. పాత ఆయిల్ నాలుగు లీటర్లలో కొంత కొట్టం వాసాలకు చెద పట్టకుండా పూసి, మిగిలింది పెరట్లో గుంత తీసి పోశాను. మా ఆవిడ అప్పట్నుంచి మాట్లాడటం లేదు. తప్పేముంది?
- ఒక పాఠకుడు, చంద్రగిరి

జవాబు: ఈ పెద్దమనిషి రెండు తప్పులు చేశారు. ఇంట్లో ఒక్కదానికే అలిగారు.

మొదటిది జాకీ. కారుతో ఇచ్చే జాకీ టైరు మార్చడానికే గాని మనిషి కింద దూరడానికి కాదు. అది జారితే కేక వేసే వ్యవధి కూడా ఉండదు. చదునైన గట్టి నేల, వెనక చక్రాలకు అడ్డంగా రాళ్లు, ఎత్తిన కారు కింద ఒక జత జాకీ స్టాండ్లు లేనిదే తల లోపలికి పెట్టకూడదు. ఇంజిన్‌ని ఐదు నిమిషాలు తిప్పి ఆపితే ఆయిల్ గోరువెచ్చగా దిగుతుంది. డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషరు వేసి, ముందు వేళ్లతోనే తిప్పాలి. మొదటే పానాతో బలం చూపిస్తే అల్యూమినియం ఛాంబర్ మర పోతుంది, మిగిలిన కూలికి పదింతలు వదులుతుంది. ఫిల్టరు విప్పినప్పుడు పాత రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుని ఉందేమో తడిమి చూడాలి. దాని మీదే కొత్తది బిగిస్తే స్టార్ట్ చేయగానే ఆయిలంతా నేలపాలు.

ఇక గుంత. వాడిన ఆయిల్‌లో అరిగిన లోహపు పొడి, మసి, సగం కాలిన ఇంధనం ఉంటాయి. అందుకే 2016 నాటి నిబంధనలు దాన్ని ప్రమాదకర వ్యర్థాల జాబితాలో పెట్టాయి. ఒక్కసారి మార్చిన ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీళ్లను చెడగొట్టగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతుంది. మన లెక్కలో 38 లక్షల లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఏడొందల అరవై. బోరులో నీళ్లు పడ్డాయంటే టెంకాయ కొట్టే చోట, ట్యాంకరు వెనక బిందెలతో పరిగెత్తే చోట చేయదగిన పనేనా ఇది?

గుంతలో పోస్తే గుంతలోనే ఉంటుందనుకోవడం భ్రమ. 2021 నవంబరులో స్వర్ణముఖి ఎలా పొంగిందో చంద్రగిరి వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. నీళ్లు నిండిన గుంతలో ఆయిల్ పైకి తేలి, వరద ఎటు పోతే అటు పోతుంది. వాసాలకు పూయడం తాతలనాటి అలవాటే. కానీ ఆ కొట్టం కింద పశువులుంటాయి, వానకు కారి చేతికీ మేతకూ అంటుతుంది. చెదలకు వేరే మందులున్నాయి.

చేయాల్సింది చిన్న పనే. వెడల్పాటి టబ్బులో పట్టిన ఆయిల్‌ని కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోకే వంపి, మూత బిగించాలి. నీళ్లు, కిరోసిన్, బ్రేక్ ఆయిల్ కలపకూడదు. కలిస్తే తిరిగి శుద్ధి చేయడం కష్టం. కలవనిదాన్ని తేమ తీసి, వాక్యూమ్‌లో మరిగించి మళ్లీ బేస్ ఆయిల్‌గా మారుస్తారు. వాడిన ఆయిల్‌ని వెనక్కి చేర్చే బాధ్యతలో 2024 ఏప్రిల్ నుంచి ఆయిల్ తయారీదార్లకూ వాటా పెట్టారు. డబ్బాని రీసైక్లింగ్ లైసెన్సు ఉన్నవాళ్లకు పాత ఆయిల్ అమ్మే పెద్ద సర్వీస్ సెంటర్‌లో ఇవ్వాలి. పొయ్యిలకు పోసేవాళ్లకు లీటరు లెక్కన అమ్ముకుంటే ఆ పొగ ఊరు పీల్చాలి. పెరట్లో గుంత మట్టి ఇంకా నల్లగా ఉంటే, వాన రాకముందే తవ్వి గట్టి సంచిలో కట్టి, దాన్నెలా వదిలించుకోవాలో మున్సిపాలిటీ లేదా పంచాయతీ వాళ్లని అడగాలి. ఇంట్లో మాటలు కలవడానికి కూడా అదే దగ్గరి దారి.

ప్రశ్న: ఖాళీ ఆయిల్ డబ్బాలు పాత సామాన్లవాడికి వేయొచ్చా?
- ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: అడుగున మేకు దించి, లేబుల్ చింపి వేయొచ్చు. చెక్కు చెదరని డబ్బా నకిలీ ఆయిల్ నింపేవాడి చేతికి చిక్కితే మళ్లీ అంగట్లోకి వస్తుంది.