ఎవరు వస్తారని తాతయ్య ఎదురుచూడాలి?

"నేను రేపు వస్తానని నాన్న చెప్పాడు." ఆరో తరగతి చదివే పిల్ల ఊళ్ళో ఉన్న తాతయ్యకు ఫోన్లో ఈ ముక్క టైపు చేసి పంపిందనుకోండి. మర్నాడు బస్టాండులో నిలబడ్డ ఆ పెద్దాయన ఎవరికోసం చూడాలి? కొడుకు కోసమా, మనవరాలి కోసమా? వాక్యంలో ఒక్క అక్షరం తప్పు లేదు. ఒత్తులన్నీ ఉన్నాయి, దీర్ఘాలన్నీ ఉన్నాయి. అయినా వచ్చేదెవరో తేలలేదు. ఇదే మాట నోటితో చెప్పి ఉంటే తాతయ్య వెంటనే "ఎవరే, నువ్వా నాన్నా?" అని అడిగేసేవాడు. రాతకు ఆ వీలు లేదు. "తాను రేపు వస్తానని నాన్న చెప్పాడు" అంటే వచ్చేది నాన్న. "నన్ను రేపు పంపిస్తానని నాన్న చెప్పాడు" అంటే వచ్చేది పిల్ల. ఆ చిన్న తేడా చూపించడానికే వ్యాకరణం.

మన ఇళ్ళల్లో వ్యాకరణం అనగానే సవర్ణదీర్ఘ సంధి, గుణ సంధి, ద్విగు సమాసం గుర్తుకొస్తాయి. పరీక్ష ముందురోజు రాత్రి పిల్లవాడిచేత వల్లెవేయించి, మర్నాటితో మరిచిపోతాం. ఆ పేర్లు రావలసిందే, మార్కులూ కావలసిందే. కానీ సంధి పేరు ఠక్కున చెప్పే పిల్లవాడు స్నేహితుడికి తిన్నగా నాలుగు వాక్యాల ఉత్తరం రాయలేకపోతే, ఆ చదువులో ఏదో వెలితి ఉన్నట్టే. రాసినవాళ్ళు పక్కన లేనప్పుడు కూడా చదివేవాళ్ళకు సంగతి అర్థం కావాలి. పిల్లలకు ముందు తెలియవలసింది ఇది.

ఇంకొక వాక్యం చూడండి. "అమ్మ చెప్పినట్టు నేను తలుపు వెయ్యలేదు." అమ్మ తలుపు వెయ్యమని చెప్పిందా? నేను మాట వినలేదా? లేక "వీడు తలుపు వెయ్యలేదు" అని అమ్మ ఎవరితోనో అంటే, అది నిజమేనని నేను ఒప్పుకుంటున్నానా? ఈ రెండు అర్థాలూ కుదురుతాయి. నోటితో చెప్పేటప్పుడు ఎక్కడ ఆగామో, ఏ మాట నొక్కి పలికామో దాన్నిబట్టి తెలిసిపోతుంది. కాగితం మీద ఆ గొంతు ఉండదు కాబట్టి వాక్యాన్నే మార్చాలి. "తలుపు వెయ్యమని అమ్మ చెప్పినా నేను వెయ్యలేదు" అంటే ఇక సందేహం లేదు. ఇలాంటివి పిల్లల ముందు పెట్టి, "దీనికి ఎన్ని అర్థాలున్నాయో చెప్పు" అని అడగండి. పొడుపుకథలా పట్టుకుంటారు. కాస్త అలవాటైతే వార్తాపత్రికలోనూ, అపార్ట్‌మెంటు నోటీసు బోర్డు మీదా వాళ్ళే పట్టుకొచ్చి చూపిస్తారు. ఒక్కోసారి మీ మెసేజీల్లోనే దొరుకుతాయి. కోప్పడకండి మరి.

నిజానికి పిల్లలకు సగం వ్యాకరణం మనం నేర్పకుండానే వచ్చేసి ఉంటుంది. తెలుగు వినపడే ఇంట్లో పెరిగిన పిల్ల బడి మొహం చూడకముందే "ఇద్దరు అక్కలు" అంటుంది, "రెండు పిల్లులు" అంటుంది. మీరూ కలిసి వస్తే "మనం వెళ్దాం" అంటుంది, మిమ్మల్ని వదిలేసి వెళ్తే "మేం వెళ్తాం" అంటుంది. ఏ మాస్టారూ నేర్పలేదు. ఇంట్లో తెలుగు తగ్గిపోతే ఇవి జారిపోతాయి. "రెండు అన్నయ్యలు" అనే పిల్లలు అమెరికాలోనే కాదు, మన ఊళ్ళలోనూ కనిపిస్తున్నారు. దానికి మందలింపు అక్కర్లేదు. "అవునా, ఇద్దరు అన్నయ్యలూ వచ్చారా?" అని మీరు మామూలుగా మాట కలపండి. అలా వింటూ ఉంటే సర్దుకుంటుంది.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. యాసను తప్పు అనకండి. "వచ్చిండు" అన్న పిల్లవాడికి వ్యాకరణం రాదని కాదు. మగవాడైతే వచ్చిండు, ఆడమనిషైతే వచ్చింది, పదిమందైతే వచ్చిన్రు అని లెక్క తప్పకుండా మారుస్తున్నాడు. "వచ్చాడు" అన్నదానికి ఎంత నియమం ఉందో దీనికీ అంతే ఉంది. పరీక్ష పేపర్లో ఏది రాయాలో చెప్పండి, అమ్మమ్మతో ఏది మాట్లాడాలో వాడికే తెలుసు. గిడుగు రామమూర్తిగారి పుట్టినరోజైన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. వ్యావహారిక భాష కోసం పండితులతో పోరాడిన మనిషి కాబట్టి ఆయనకు వ్యాకరణం అంటే పడదనుకునేవాళ్ళున్నారు. కానీ లిపి లేని సవర భాషను సవరల నోటినుంచే నేర్చుకుని దాని వ్యాకరణం రాసినవాడు ఆయన. 1931లో ఆ పుస్తకం అచ్చయింది. జనం నోట్లోనూ వ్యాకరణం ఉంటుందని ఆయనకు తెలిసినంతగా ఎంతమందికి తెలుసు?

పిల్లల రాత దిద్దేటప్పుడు పేజీ అంతా ఎర్ర సిరాతో నింపకండి. ఈవేళ ఒక్క రకం తప్పే చూడండి. పుస్తకం వాళ్ళ చేతికే ఇచ్చి పైకి చదవమనండి. తడబడ్డచోట సాధారణంగా వాక్యమే కుంటుతూ ఉంటుంది. అక్కడ "ఎవరు? ఎవరికి? ఎప్పుడు?" అని అడిగి ఊరుకోండి, జవాబు మీరు రాసిపెట్టకండి. ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటు ఉంటే వారానికి ఒక్క మెసేజైనా తెలుగు లిపిలో పంపమనండి. ఇంగ్లీషు అక్షరాల్లో కల, కళ, కాల మూడూ తరచు ఒక్కలాగే కనిపిస్తాయి. కంటికి తేడా కనపడకపోతే చేతికి ఎలా వస్తుంది?

చదవడానికి ఏం ఇవ్వాలని అడిగితే నేను పాత చందమామలే అంటాను. 1947 జులైలో మొదలైన పత్రిక. కొడవటిగంటి కుటుంబరావుగారు చాలా ఏళ్ళు దాని పని చూశారు. రాజుగారి కథైనా బేతాళ కథైనా ఎవరు ఏం చేశారో వెనక్కి వెళ్ళి చూసుకోవలసిన పని ఉండదు. ఒక పేజీ కథ చదివించి, పుస్తకం మూసి, అదే కథను సొంత మాటల్లో రాయమనండి. తరవాత రెండూ పక్కపక్కన పెట్టి చూడమనండి. పిల్లలు రాసిందే ఒకటి రెండు చోట్ల బాగుంటే ఆ మాట తప్పకుండా చెప్పండి. మొదటిసారి నాలుగు వాక్యాలకే చెయ్యి నొప్పి అంటారు. ఆ నాలుగూ చాలు, మిగతా కథ రేపు రాయిద్దురుగాని.