తేలే కవచం: అండమాన్ తీరంలో బరువు లెక్క

అండమాన్ నికోబార్‌కు వెళ్లే యుద్ధ వాహనం ముందు ఓడెక్కాలి. ప్రధాన భూభాగం నుంచి వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రం. అక్కడికి చేరాక కూడా దీవి నుంచి దీవికి మళ్లీ నీరే. త్రివిధ దళాల ఉమ్మడి కమాండ్ 2001లో ఏర్పడిన ఈ దీవుల్లో, సముద్రం మీదుగా ఒడ్డుకు దిగే విన్యాసాల్లో బీఎంపీ-2 వాహనాలు కనిపిస్తుంటాయి. వీటిని తయారుచేసింది మన సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోనే. అక్కడ పెట్టిన పేరు 'సారథ్'.

దీని బరువు సుమారు 14 టన్నులు. తేలాలంటే అంతే బరువున్న నీటిని పక్కకు నెట్టాలి. సముద్రపు నీటిలో అది 14 ఘనపు మీటర్ల లోపే. లోపల పదిమంది కూర్చునే బోలు డొక్క కాబట్టి అంత చోటు ఉంది. 68 టన్నుల అర్జున్ మార్క్-1ఎ తేలాలంటే 66 ఘనపు మీటర్లకు పైగా కావాలి. మందపాటి ఉక్కుతో నిండిన ట్యాంకుకు అది అయ్యే పని కాదు. దాన్ని ఎల్‌సీయూ వంటి ఓడే ఒడ్డుదాకా మోసి దింపాలి.

ఇక ఇసుక సంగతి వేరు. బరువైనదే ఎక్కువ కూరుకుపోతుందని అనుకుంటాం. నేలకు తెలిసేది మొత్తం బరువు కాదు, చదరపు సెంటీమీటరుపై పడే ఒత్తిడి. టి-72 ట్యాంకు బరువు బీఎంపీకి దాదాపు మూడు రెట్లు. అయినా దాని ట్రాకులు వెడల్పు కనుక నేలపై ఒత్తిడి ఒకటిన్నర రెట్లకు మించదు. వంతెనకు, ఓడకు మాత్రం మొత్తం బరువుతోనే పని.

తేలికదనానికి మూల్యం లోపలున్న సైనికులదే. బీఎంపీ పలుచని కవచం ట్యాంకు గుండును ఆపలేదు. పైగా నీటిలో దాని వేగం గంటకు 7 కిలోమీటర్లే, అదీ ట్రాకులు తిరిగితేనే. ఒడ్డు చేరేదాకా శత్రువుకు తేలిక గురి. పోనీ అదనపు పలకలు బిగిద్దామా? ఒక్కో టన్ను చేరినప్పుడల్లా మరో ఘనపు మీటరు దాకా నీటిలో మునుగుతుంది, అల పైకెక్కడం సులువవుతుంది.

డీఆర్‌డీఓ, ఎల్ అండ్ టీ కలిసి 2024లో చూపిన 'జొరావర్' ఈ రెండింటి మధ్యలో నిలుస్తుంది: 25 టన్నులు, 105 మిల్లీమీటర్ల ఫిరంగి. లద్దాఖ్ ఎత్తుల కోసం తలపెట్టినా, నీటిలో ఈదగలగడం కూడా దాని రూపకల్పనలో భాగమే.