నీళ్ల డబ్బా ఎక్కడ పెట్టాలి?

ఒహాయోలో ఉండే మా అన్నయ్య పోయిన సమ్మర్‌లో గ్యారేజీలోనే చిన్న క్యాంపింగ్ ట్రైలర్ కట్టుకున్నాడు. నీటిబొట్టు ఆకారంలో ఉంటుంది కాబట్టి టియర్‌డ్రాప్ అంటారు. 1930ల నుంచే అమెరికన్లు ఇవి ఇంటి దగ్గర చేసుకునేవాళ్లు. లోపల ఇద్దరు పడుకోవచ్చు, వెనక డోర్ ఎత్తితే వంటిల్లు. లెక్కల కోసం నేను పైథాన్‌లో ప్రోగ్రామ్ రాశాను.

ముఖ్యమైన లెక్క ఇది: మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కారు వెనక హిచ్ మీద పడాలి. తగ్గితే స్పీడులో ట్రైలర్ అటూ ఇటూ ఊగుతుంది. మాది 400 కిలోలు. హిచ్ నుంచి ఇరుసుకి 2.5 మీటర్లు. సెంటర్ ఆఫ్ గ్రావిటీ ఇరుసుకి 0.25 మీటరు ముందుంది. 400 × 0.25 ÷ 2.5 = 40 కిలోలు, అంటే 10 శాతం. "ఓకే అన్నయ్యా" అనేశాను.

మొదటి ట్రిప్‌లోనే హైవే మీద ట్రైలర్ ఊగింది. కార్లో వదిన, పాప కూడా ఉన్నారు. అన్నయ్య మెల్లగా స్పీడు తగ్గించి పక్కకి ఆపాడు. ఆ రాత్రి వీడియో కాల్‌లో నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది.

తప్పు ఎక్కడంటే, వంటింట్లో, ఇరుసుకి మీటరు వెనక, 40 లీటర్ల నీళ్ల డబ్బా ఉంది. నా ప్రోగ్రామ్‌లో నీళ్లే లేవు! ఆ డబ్బా హిచ్ మీద బరువుని 16 కిలోలు తగ్గించేసింది. మిగిలింది 24, అంటే 440లో ఐదున్నర శాతమే. తాతయ్యకి చెబితే, "వెనక బరువెక్కువైతే కాడి పైకి లేస్తుందని ఎడ్లబండి తోలే ఎవరికైనా తెలుసురా" అన్నారు.

డబ్బాని ఇరుసుకి మీటరు ముందు, పరుపు కిందకి మార్చాం. ఇప్పుడు 56 కిలోలు, 12.7 శాతం. నీళ్లు అయిపోయినా 10కి తగ్గదు. ఈసారి నా లెక్కని నమ్మకుండా, హిచ్ కింద బరువు చూసే మెషీన్ పెట్టి తూచాకే అన్నయ్య బయల్దేరాడు.

మీరు ఏది కట్టినా, ఖాళీగా ఉన్నప్పటి బరువుతో ఆగిపోకండి. సామాను నింపాక ఇంకోసారి లెక్కేయండి.