అక్కఱలేని పిలుపులు

ఇంటికి తలుపున్నది, తలుపునకు గడియ యున్నది. ఎవరైనను తలుపు తట్టినచో లోనివారు "ఎవరు?" అని యడిగి, వచ్చినవారి నెఱిగిన పిమ్మటనే గడియ తీయుదురు. టెలిఫోను గంటకు మాత్రము ఈ మర్యాద లేదు. అది మ్రోగినంతనే చదువుకొను బాలుడు పుస్తకము మూయును. గృహిణి పొయ్యి విడిచి వచ్చును. కునుకు తీయు వృద్ధుడు త్రుళ్ళిపడి లేచును. అవతల నున్నది ఆప్తుడో, వర్తకుడో, వంచకుడో ముందుగా తెలియదు.

1876వ సంవత్సరమున అలెగ్జాండర్ గ్రాహం బెల్ టెలిఫోనునకు పేటెంటు పొందెను. 1882లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో టెలిఫోను ఎక్స్ఛేంజీలు వెలసినవి. అప్పుడది కొలదిమందికి మాత్రమే అందుబాటులో నుండెడిది. 1995 జులై 31వ తేదీన మన దేశమున తొలి సెల్‌ఫోను సంభాషణము కలకత్తా, ఢిల్లీ నగరముల మధ్య జరిగెను. నేడు పల్లెపల్లెనను సెల్‌ఫోను గలదు. పిలుచుటకగు వ్యయము తగ్గిన కొలదియు, పిలువని పేరంటమునకు వచ్చువారివలె అక్కఱలేని పిలుపులును పెరిగినవి.

ఇట్టి పిలుపులు ముఖ్యముగా రెండు విధములు. మొదటివి వర్తకుల పిలుపులు. ఇవి కాలహరణము చేయును. వీనిని అరికట్టుటకు భారత టెలికాం నియంత్రణ సంస్థ 2007లో నిబంధనలు చేసి, 2018లో వానిని మరింత కట్టుదిట్టము గావించెను. 1909 సంఖ్యకు ఫోను చేసియో, సందేశము పంపియో ప్రచారపు పిలుపులు వలదని నమోదు చేయించుకొనవచ్చును. ప్రచారమునకు 140తోను, బ్యాంకులు మున్నగు సంస్థలు ఖాతాదారులకు సేవావిషయములు తెలుపుటకు 1600తోను మొదలగు సంఖ్యలు కేటాయింపబడినవి. అనుమతి లేక సామాన్యసంఖ్యలనుండి పిలుచు వర్తకులపై 7 దినములలోగా ఫిర్యాదు చేయవచ్చునని 2025 ఫిబ్రవరిలో నిబంధనలు సవరింపబడినవి.

రెండవవి వంచకుల పిలుపులు. ఇవి కాలమునే గాక, జీవితకాలపు కష్టార్జితమును సైతము హరించును. ఉద్యోగము విరమించిన యొక వృద్ధునికి పిలుపు వచ్చిన దనుకొందము. "నీ పేర వచ్చిన పార్సెలులో నిషిద్ధవస్తువులు దొరకినవి. నిన్ను డిజిటల్ అరెస్టు చేసితిమి. గది తలుపులు మూసికొనుము. ఇంటివారికి సైతము చెప్పవలదు" అని యొకడు పోలీసు దుస్తులతో వీడియోలో గద్దించును. పిదప విచారణ ముగియువరకు సొమ్మంతయు తాము చెప్పిన ఖాతాలో వేయు మనును.

భారతదేశపు చట్టములలో డిజిటల్ అరెస్టు అనునదే లేదు. ఏ పోలీసు అధికారియు ఫోనులో విచారణ జరిపి సొమ్మడుగడు. ఈ సంగతినే ప్రధానమంత్రి 2024 అక్టోబరు 27వ తేదీన రేడియోలో ప్రజలకు తెలిపి, ఆగి, ఆలోచించి, పిమ్మట తగిన చర్య గైకొను డని కోరెను. వంచకుడు "ఎవరికిని చెప్పవల" దనుటలోనే వాని గుట్టు దాగియున్నది. భయపడినవాడు ఒంటరిగా నున్నంతసేపే వాని మాట చెల్లును; రెండవ మనిషి చెవిని బడిన క్షణమున అది వీగిపోవును.

కావున అట్టి పిలుపు వచ్చినంతనే ఫోను పెట్టివేయవలెను. ఫోనులో కనబడు సంఖ్యయు నమ్మదగినది కాదు. దానిని మార్చి చూపు ఉపాయములు గలవు. సందేహమున్నచో బ్యాంకు పాసుపుస్తకముపై నున్న సంఖ్యకు తామే ఫోను చేసి యడుగవలెను. ఓ.టి.పి.ని ఎవ్వరికిని తెలుపరాదు. సొమ్ము పోకున్నను, అనుమానాస్పదమగు పిలుపును గూర్చి సంచార్ సాథీలోని చక్షు విభాగమునకు తెలుపవచ్చును. సొమ్ము పోయినచో వెంటనే 1930కి ఫోను చేయవలెను. సొమ్ము చేతులు మారకముందే తెలిపినచో దానిని నిలుపుట కవకాశ ముండును. మోసపోయినవారిని ఇంటివారు నిందింపరాదు. నిందకు వెఱచినవాడు నోరు మెదపడు. ఆ యాలస్యమే దొంగకు మేలు చేయును.

విద్యార్థులకు ఇందు మరియొక ధర్మము గలదు. 2005లో హైదరాబాదున ప్రారంభమైన 108 సేవకు పరిహాసమునకై ఫోను చేయుటయు అక్కఱలేని పిలుపే. ఆ వేళనే ఎచ్చటనో ప్రసవవేదనతోనో, పాముకాటుతోనో ఒక ప్రాణి సాయమునకై ఎదురుచూచుచుండ వచ్చును. అక్కఱలేని పిలుపులు పెరిగిన కొలదియు జనులు గంట మ్రోగినను పలుకక యుందురు. అక్కఱగల పిలుపు సైతము అరణ్యరోదనమగును. ఇతరుల వంచనకు లొంగకుండుట వివేకము. ఇతరులను వృథాగా పిలువకుండుట సంస్కారము. ఈ రెండును గలచోటనే టెలిఫోను మానవునికి మిత్రమై యుండును.