పాత సూపర్‌హీరో బొమ్మలు సేకరిస్తున్నారా? చేయవలసినవి, చేయకూడనివి

కెన్నర్ కంపెనీ 'సూపర్ పవర్స్' బొమ్మలు 1984లో అమెరికా దుకాణాల్లోకి వచ్చి, 1986 విడతతో ఆగిపోయాయి. మూడు విడతల్లో 33 బొమ్మలు వచ్చాయి. పోస్టులో తెప్పించుకోవలసిన క్లార్క్ కెంట్‌ని కలుపుకుంటే 34. సూపర్‌మ్యాన్ కాళ్లు రెండూ దగ్గరికి నొక్కితే చేతులు గుద్దులు విసురుతాయి. ఫ్లాష్ చేతులు నొక్కితే కాళ్లు పరుగు తీస్తాయి. డార్క్‌సైడ్ తల వెనక దీపం పెడితే కళ్లు ఎర్రగా వెలుగుతాయి. కామిక్స్ లోకానికి పెద్దదిక్కు లాంటి జాక్ కిర్బీ తన పాత పాత్రలకు ఈ బొమ్మల కోసం మళ్లీ రూపురేఖలు దిద్దాడు, దానికి రాయల్టీ కూడా అందుకున్నాడు. ఇన్ని ఆకర్షణలున్న బొమ్మల కోసం పెద్దవాళ్లు ఇప్పటికీ శనివారం పొద్దున్నే గరాజ్ సేల్స్ చుట్టూ తిరుగుతున్నారంటే ఆశ్చర్యం లేదు. అమెరికాలో ఉన్న మనవాళ్లలోనూ ఈ సరదా ఉన్నవాళ్లున్నారు. ఈ జాగ్రత్తలు ముఖ్యంగా వాళ్ల కోసం, అందులోనూ ఇంట్లో పసిపిల్లలున్నవాళ్ల కోసం.

అన్నిటికన్నా ముందు ఒకటి గట్టిగా చెప్పాలి. ఈ బొమ్మలు పిల్లల కోసమే తయారయ్యాయి. కానీ నలభై ఏళ్ల తర్వాత అవి పిల్లల బొమ్మలు కావు. పెద్దవాళ్ల దగ్గర, పెద్దవాళ్ల జాగ్రత్తలో ఉండాల్సిన వస్తువులు. మిగతా జాగ్రత్తలన్నీ ఈ ఒక్క మాట మీదే నిలబడతాయి.

పిల్లల చేతికి ఇవ్వకండి

అమెరికాలో బొమ్మల రంగుల్లో సీసానికి 1978లోనే హద్దు పెట్టారు. అప్పటి హద్దు పది లక్షల వంతులకు 600 వంతులు. అది పై రంగుకే వర్తించింది, లోపలి ప్లాస్టిక్‌కి కాదు. 2008లో కొత్త చట్టం వచ్చాక రంగులో 90 వంతులకు, ప్లాస్టిక్‌లో 100 వంతులకు దశలవారీగా తగ్గించారు. ప్లాస్టిక్‌ను మెత్తబరిచే థాలేట్లలో కొన్నిటికి కూడా హద్దు పెట్టింది ఆ చట్టమే. మన బొమ్మలు 1984 నుంచి 86 మధ్యవి. వాటిలో ప్రతిదానిలోనూ సీసం ఉందని దీనర్థం కాదు. ఏ బొమ్మలో ఎంత ఉందో కంటితో చూసి ఎవరూ చెప్పలేరు, ఇప్పటి ప్రమాణాలకు తూగుతుందన్న హామీ దేనికీ లేదు.

ఇది ఊరికే పుట్టిన భయం కూడా కాదు. ఇంగ్లండ్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ టర్నర్ అనే శాస్త్రవేత్త 200 పాత ప్లాస్టిక్ బొమ్మలను పరీక్షించి 2018లో ఫలితాలు ప్రచురించాడు. సీసం, కాడ్మియం లాంటి హానికర మూలకాలు ఎక్కువగా కనబడింది పసుపు, ఎరుపు, నలుపు రంగు ప్లాస్టిక్‌లలో. ఇప్పుడు మీ అల్మారా వైపు ఒకసారి చూడండి. సూపర్‌హీరోల దుస్తుల్లో ఎక్కువగా కనబడేవి ఆ రంగులే.

సీసం వల్ల ముప్పు ఎక్కువగా నోటిదారినే వస్తుంది. పసివాడు బొమ్మ చెయ్యి చప్పరిస్తాడు, పెచ్చులూడిన రంగు వేలికి అంటుకుంటుంది, ఆ వేలు నోట్లోకి పోతుంది. ఎదుగుతున్న మెదడుకు సీసం ఎంత తక్కువైనా మంచిది కాదు. బిడ్డ అలాంటి బొమ్మ చాలాకాలం నోట్లో పెట్టుకున్నాడని తెలిస్తే పిల్లల డాక్టరుకు చెప్పి రక్తంలో సీసం పరీక్ష చేయించండి. దుకాణంలో దొరికే పూసి చూసే పరీక్ష పుల్లలను నమ్మి 'పర్వాలేదు' అనుకోకండి, వాటి ఫలితం అన్నిసార్లూ సరిగ్గా ఉండదు.

బిడ్డకు సూపర్‌మ్యాన్ కావాలంటే కొత్త సూపర్‌మ్యాన్‌ని కొనిపెట్టండి. మెక్‌ఫార్లేన్ టాయ్స్ 2022లో ఇదే 'సూపర్ పవర్స్' పేరుతో, పాత అట్టల తీరులోనే కొత్త బొమ్మలు తెచ్చింది. అట్ట మీద ఎన్నేళ్ల పిల్లలకో రాసి ఉంటుంది, అది చూసి వయసుకు తగ్గదే ఇవ్వండి. వాడి బొమ్మ వాడిది, మీ బొమ్మ మీది. పిల్లలకు ఈ తేడా చెబితే మనం అనుకున్నదానికన్నా తొందరగా అర్థం చేసుకుంటారు.

చిన్న ముక్కల సంగతి

పెంగ్విన్ గొడుగు, రాబిన్ పసుపు కేప్, గ్రీన్ లాంటర్న్ చేతి దీపం. సేకరించేవాళ్లకు ఇవే ప్రాణం. ముక్కలన్నీ ఉన్న బొమ్మ ధర వేరు, లేని బొమ్మ ధర వేరు. కానీ పసిపిల్లల గొంతుకు అడ్డంపడే ముక్కలు కూడా ఇవే. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మలను పరీక్షించడానికి అమెరికాలో అంగుళంపావు వెడల్పున్న ఒక చిన్న గొట్టం వాడతారు. అందులో పూర్తిగా ఇమిడిపోయే ముక్క ఏదైనా ప్రమాదమే. ఇంట్లో టాయిలెట్ పేపర్ రోలు లోపలి అట్ట గొట్టం పెట్టుకుని చూడండి. దాని వెడల్పు ఇంకాస్త ఎక్కువే కాబట్టి, అందులోంచి జారిపోయే ప్రతి ముక్కనూ పసిపిల్లలకు అందకుండా పెట్టడం మంచిది.

ఈ విషయంలో కెన్నర్ చరిత్రే ఒక పాఠం. 1978లో మాటెల్ కంపెనీ 'బాటిల్‌స్టార్ గలాక్టికా' బొమ్మ విమానం నుంచి దూసుకొచ్చే చిన్న క్షిపణి గొంతులో ఇరుక్కుని ఒక బాలుడు చనిపోయాడు. ఆ సమయానికి కెన్నర్ కూడా 'స్టార్ వార్స్' బోబా ఫెట్ బొమ్మకు వీపు మీంచి ఎగిరే రాకెట్ పెట్టి, పోస్టులో పంపిస్తామని ప్రకటనలు ఇచ్చేసింది. తరవాత వెనక్కి తగ్గి, రాకెట్ కదలకుండా బిగించి పంపింది. ఎగిరే రాకెట్‌తో మిగిలిపోయిన నమూనాల కోసం ఇవాళ సేకరించేవాళ్లు లక్షల డాలర్లు పెడుతున్నారు. ఆ ధర వెనక ఒక పసిప్రాణం ఉందన్నది మరిచిపోకూడదు.

విడి ముక్కలను జిప్ సంచుల్లో వేసి, సంచి మీద బొమ్మ పేరు రాసి, మూత బిగించే డబ్బాలో పెట్టండి. డబ్బా పై అరలో ఉండాలి. బల్ల మీద ముక్కలు పరుచుకుని, ఫోనొస్తే లేచి వెళ్లిపోకండి.

ఇంటికొచ్చే పెద్దవాళ్లకు ముందే చెప్పండి

అమెరికాలోని తెలుగు ఇళ్లలో ఇది అసలైన సమస్య. ఊరి నుంచి అమ్మమ్మ, తాతయ్య ఆరు నెలలు ఉండటానికి వస్తారు. మీరిద్దరూ ఆఫీసు పనిలో ఉంటారు. మనవడు ఏడుస్తాడు. అల్మారాలో రంగురంగుల బొమ్మలు కనబడతాయి. పెద్దాయన ఒకటి తీసి వాడి చేతిలో పెడతారు. ఇందులో ఆయన తప్పేమీ లేదు, బొమ్మ ఉన్నది పిల్లాడికే కదా అనుకుంటారు. కాబట్టి వాళ్లు దిగిన మొదటి వారంలోనే కూర్చోబెట్టి, "నాన్నగారూ, ఇవి పాతవి, రంగు మంచిది కాదు, చిన్నాడికి ఇవ్వకండి. వాడి బొమ్మలు ఈ బుట్టలో ఉన్నాయి" అని మర్యాదగా, స్పష్టంగా చెప్పండి. ధర సంగతి ఎత్తకండి. అది చెబితే మీరు బొమ్మ కోసం బాధపడుతున్నారని అనుకుంటారు, అసలు విషయం పక్కకి పోతుంది.

ఇంకొకటి. పెద్దవాళ్లు చీరల మడతల్లో వేసుకొచ్చే కలరా ఉండలను బొమ్మల పెట్టెల్లో వేయనివ్వకండి. నాఫ్తలీన్ ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరిచి పాడుచేస్తుంది. అంతకన్నా ముఖ్యమైనది, చూడ్డానికి పిప్పరమెంటులా ఉండే ఆ ఉండను బిడ్డ మింగితే ప్రాణం మీదికి వస్తుంది. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లల్లో నాఫ్తలీన్ వల్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. పురుగుల భయం ఉంటే పెట్టెను శుభ్రంగా, పొడిగా ఉంచితే చాలు.

శుభ్రం చేసేటప్పుడు

గరాజ్ సేల్‌లో కొన్న బొమ్మ మీద ఎన్నేళ్ల దుమ్ముందో మనకు తెలియదు. దాన్ని నోటితో ఊదకండి, పొడిగుడ్డతో దులపకండి. తడిగుడ్డతో తుడవండి. ఆ గుడ్డను మళ్లీ వంటింట్లోకి తేకండి. వంటగిన్నెలు కడిగే సింకులో బొమ్మ కడగకండి, దానికంటూ ఒక చిన్న టబ్బు పెట్టుకోండి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కున్నాకే పిల్లల్ని ఎత్తుకోండి.

గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బు, మెత్తటి టూత్‌బ్రష్. తొంభై శాతం పని వీటితో అయిపోతుంది. కానీ సూపర్ పవర్స్ బొమ్మను నీళ్లలో నానబెట్టకండి. కాళ్లు నొక్కితే చేతులు కదిలే ఏర్పాటంతా దాని పొట్టలోనే ఉంది, సందుల్లోంచి దిగిన నీళ్లు అంత సులువుగా ఆరవు. కదలిక బిగుసుకుపోయి ఉంటే బలవంతంగా నొక్కకండి, పగిలిన తొడ మళ్లీ అతకదు. సూపర్‌మ్యాన్ గుడ్డ కేప్‌ని ముందు మెడ దగ్గరి ప్లాస్టిక్ క్లిప్పుతో సహా నెమ్మదిగా విప్పి, విడిగా చల్లటి నీళ్లలో జాడించి, నీడన పరిచి ఆరబెట్టండి. బ్రెయినియాక్‌ని మాత్రం రుద్దొద్దు. ఒంటి మీది వెండి మెరుపు పలచటి పూత, ఒక్కసారి గట్టిగా తుడిస్తే మోకాళ్ల దగ్గర, భుజాల దగ్గర లేచిపోయి కింది ప్లాస్టిక్ బయటపడుతుంది. సైబోర్గ్‌కీ ఇదే జాగ్రత్త. కాస్త తడిపిన మెత్తటి బ్రష్షుతో తేలిగ్గా దుమ్ము తీసి ఊరుకోండి, మెరుపు పెంచాలని చూడకండి.

మిగతావి చకచకా చెప్పుకుందాం. గోళ్ల రంగు తుడిచే ఎసిటోన్ వాడకండి. అది ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది, ఆవిరి ఇట్టే మంటంటుకుంటుంది. పచ్చబడ్డ ప్లాస్టిక్‌ను తెల్లబరచడానికి కొందరు జుట్టుకు వాడే పెరాక్సైడ్ క్రీము పూసి ఎండలో పెడతారు. అది చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే ఇంకా ప్రమాదం. చేతితొడుగులు, కళ్లద్దాలు లేకుండా ఆ పని ముట్టుకోకండి, రంగులు వేసిన భాగాల మీద అసలే వద్దు. బ్లీచ్‌ను అమ్మోనియా ఉన్న ఏ ద్రవంతోనూ కలపకండి, విషవాయువు వస్తుంది. పాత రంగును గరుకు కాగితంతో గీకకండి. ఆ పొడిలో సీసం ఉంటే అది ఇల్లంతా చేరుతుంది. సూపర్‌గ్లూ పెడితే కిటికీ తెరిచి పెట్టండి, పిల్లలు గదిలో లేనప్పుడు పెట్టండి.

దాచే చోటు

ఎండ తగిలే కిటికీ పక్కన పెట్టకండి. రంగు వెలిసిపోతుంది, అట్టకున్న ప్లాస్టిక్ బుడగ పచ్చబడుతుంది. టెక్సాస్ వేసవిలో అటక మీద, గరాజ్‌లో, కారులో అస్సలు వదలకండి. సంచులు పాలీప్రొపిలీన్‌వో పాలిథిన్‌వో వాడండి. మెత్తటి పీవీసీ సంచిలో పెడితే కొన్నాళ్లకు అది బొమ్మకే అతుక్కుంటుంది. బొమ్మ ఒళ్లు జిగటగా మారితే అది ప్లాస్టిక్‌లోని మెత్తబరిచే పదార్థం బయటికి రావడం. దాన్ని వేళ్లతో తడమకుండా సబ్బునీళ్లతో తుడిచి, గాలి తగిలే చోట పెట్టండి.

పొడవాటి అల్మారాను గోడకు పట్టీతో బిగించండి. పసివాడు అరలు పట్టుకుని పైకెక్కబోతే బొమ్మలతో సహా అల్మారా మీదపడుతుంది. ఇది ఎన్నో ఇళ్లలో జరిగిన ప్రమాదం. అద్దె ఇంట్లో గోడకు రంధ్రం పెట్టడం ఇష్టం లేకపోతే, నడుము ఎత్తు మించని అల్మారా కొనండి.

అల్మారాలో వెలుగు కోసం పెట్టే చిన్న ఎల్‌ఈడీ దీపాలను చాలామంది పట్టించుకోరు. వాటి రిమోట్లలో తరచూ బిళ్ల బ్యాటరీ ఉంటుంది. బిడ్డ అది మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. మూత స్క్రూతో బిగిసే రిమోట్ తప్ప ఇంకోటి కొనకండి. మింగాడన్న అనుమానం వచ్చినా వాంతి చేయించకండి, ఎదురు చూడకండి, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

కొనేటప్పుడు, పంపేటప్పుడు

అపరిచితుడి దగ్గర కొంటుంటే పట్టపగలు, జనం ఉన్న చోట కలవండి. అమెరికాలో చాలా పోలీసు స్టేషన్ల ముందు ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడాలకు ప్రత్యేకంగా చోటు ఉంటుంది. ఆన్‌లైన్‌లో అయితే కొనుగోలుదారుకు రక్షణ ఉన్న చెల్లింపే చేయండి. స్నేహితులకు పంపినట్టు డబ్బు పంపమని అమ్మేవాడు అడిగితే ఆ బేరం వదిలేయండి. కేప్‌లు, ఆయుధాలు కొత్తగా పోసినవి విరివిగా తిరుగుతున్నాయి, అసలువేనా అని సూటిగా అడిగి జవాబు రాతలో తీసుకోండి. నకిలీ ముక్క ఏ ప్లాస్టిక్‌తో పోశారో, ఏ రంగు వేశారో తెలియదు, అందువల్ల అది డబ్బు నష్టంతో ఆగదు. హైదరాబాద్‌లో, విజయవాడలో కొనేవాళ్లు యూపీఐ మోసానికి గురైతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఊరెళ్లేటప్పుడు మేనల్లుడికి బహుమతిగా ఈ పాత బొమ్మలు పట్టుకెళ్లకండి. భారతదేశంలో 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. 1984 నాటి బొమ్మకు ఆ గుర్తు ఉండదు. ఊళ్లో బొమ్మలు సేకరించే మరొకరికి కొరియర్ చేయాలంటే కస్టమ్స్ నిబంధనలు, సుంకం ముందే కనుక్కోండి.

చివరగా ఒక పని ఇవాళే చేయండి. అమెరికాలో విషప్రమాదాల సహాయ కేంద్రం నంబరు 1-800-222-1222. పగలూ రాత్రీ పలుకుతుంది, ఖర్చు లేదు. బిడ్డ ఊపిరి ఆడక ఇబ్బంది పడుతుంటే మాత్రం నేరుగా 911కి చేయాలి. మన రాష్ట్రాల్లో అయితే 108. ఈ నంబర్లు పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి ఫ్రిజ్ మీద అంటించండి, ఇంట్లో ఉన్న అమ్మమ్మకూ తాతయ్యకూ చూపించండి.