పాత డెస్క్‌టాప్‌లో మూడు సర్వర్లు: కమాండ్ లైన్‌తో వర్చువల్ మెషీన్లు పెట్టుకోవడం ఎలా?

క్లౌడ్, డెవాప్స్ నేర్చుకోవాలంటే హైదరాబాద్ వెళ్లి హాస్టల్‌లో ఉండాలి, లేదా క్రెడిట్ కార్డు పెట్టి క్లౌడ్ అకౌంట్ తీసుకోవాలి అని మా గోదావరిఖనిలో చాలామంది బీటెక్ తమ్ముళ్లు, చెల్లెళ్లు అనుకుంటారు. నిజానికి ఇంట్లో మూలన పడి ఉన్న పాత డెస్క్‌టాప్ చాలు. మా సింగరేణి క్వార్టర్‌లో నా సెటప్ ఇదే: నాలుగో జనరేషన్ ఐ5, 8 జీబీ ర్యామ్, 240 జీబీ ఎస్‌ఎస్‌డీ. ఇందులో మూడు సర్వర్లు నడుస్తున్నాయి. ఎలా పెట్టాలో, నేను ఎక్కడ దెబ్బ తిన్నానో రెండూ చెప్తాను.

వర్చువల్ మెషీన్ అంటే?

క్వార్టర్ల బ్లాక్ గుర్తు తెచ్చుకోండి. బిల్డింగ్ ఒకటే, నీళ్ల ట్యాంకు ఒకటే, కానీ ఎవరి ఇల్లు వారిది, ఎవరి తాళం వారిది. అలాగే ఒకే కంప్యూటర్‌లోని ప్రాసెసర్, ర్యామ్, డిస్క్‌ను పంచి విడివిడి కంప్యూటర్లుగా నడిపిస్తే అవే వర్చువల్ మెషీన్లు, అంటే వీఎంలు. అసలు మెషీన్‌ను హోస్ట్ అంటారు. లైనక్స్‌లో ఈ పంపకం చేసేది కేవీఎం. ఇది 2007లో 2.6.20 వెర్షన్‌తో లైనక్స్ కెర్నల్‌లోనే కలిసిపోయింది. కాబట్టి లైసెన్స్ ఖర్చు సున్నా.

ఒక మాట: కమాండ్లను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి, టీటీవైఎస్0లోని ఎస్ ఒక్కటి మాత్రం పెద్ద అక్షరం. ప్రతి కమాండ్ ముందు సుడో పెట్టండి.

స్టెప్ 1: మెషీన్ పనికొస్తుందా?

హోస్ట్‌లో డెబియన్ 12 వేసుకోండి, డెస్క్‌టాప్ స్క్రీన్ అక్కర్లేదు. తర్వాత ఆప్ట్ ఇన్‌స్టాల్‌తో మూడు ప్యాకేజీలు వేయాలి: క్యూఈఎంయూ-కేవీఎం, లిబ్‌విర్ట్-డీమన్-సిస్టమ్, విర్ట్‌ఇన్‌స్ట్. ఆ తర్వాత ఇది కొట్టండి:

విర్ట్-హోస్ట్-వ్యాలిడేట్

హార్డ్‌వేర్ వర్చువలైజేషన్ అన్న లైన్ పక్కన పాస్ అని వస్తే సరే. ఫెయిల్ వస్తే కంగారు పడొద్దు. చాలా ఆఫీసు డెస్క్‌టాప్‌లలో బయాస్‌లో ఇది ఆఫ్ చేసి ఉంటుంది. ఇంటెల్ అయితే వీటీ-ఎక్స్, ఏఎండీ అయితే ఎస్‌వీఎం అన్న ఆప్షన్‌ను ఆన్ చేయండి.

స్టెప్ 2: మొదటి వీఎం

కమాండ్ పేరు విర్ట్-ఇన్‌స్టాల్. దాని వెనక ఈ ఆప్షన్లు ఇవ్వాలి. ప్రతి ఆప్షన్ ముందు రెండు అడ్డగీతలు ఉంటాయి.

--నేమ్ ల్యాబ్1: వీఎం పేరు.
--మెమరీ 2048: ర్యామ్, ఎంబీ లెక్కలో. అంటే 2 జీబీ.
--విసిపియుస్ 2: రెండు ప్రాసెసర్ కోర్లు.
--డిస్క్ సైజ్=20: 20 జీబీ డిస్క్.
--లొకేషన్: డెబియన్ వెబ్‌సైట్‌లోని ఇన్‌స్టాలర్ ఫోల్డర్ అడ్రస్.
--గ్రాఫిక్స్ నన్: స్క్రీన్ వద్దు, అంతా టెక్స్ట్‌లోనే.
--ఎక్స్‌ట్రా-ఆర్గ్స్ కన్సోల్=టీటీవైఎస్0: ఇన్‌స్టాలర్‌ను మన టెర్మినల్‌లోకి పంపు అని.

కొత్తవాళ్లు ఇరుక్కునేది ఆఖరి ఆప్షన్ దగ్గరే. అది ఇవ్వకపోతే ఇన్‌స్టాలేషన్ లోపల నడుస్తూనే ఉంటుంది, మనకు మాత్రం ఖాళీ నల్ల తెర కనబడుతుంది. పైగా అది లొకేషన్‌తోనే పని చేస్తుంది, సీడీరామ్ ఆప్షన్‌తో చేయదు. నేను ఒక సాయంత్రం మొత్తం ఆ నల్ల తెర చూస్తూ కూర్చున్నాను.

ఇన్‌స్టాలర్ చివర్లో సాఫ్ట్‌వేర్ లిస్టు వస్తుంది. డెస్క్‌టాప్ టిక్ తీసేసి, ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ టిక్ పెట్టండి. వీఎం కన్సోల్ నుంచి బయటికి రావాలంటే కంట్రోల్ పట్టుకుని కుడి స్క్వేర్ బ్రాకెట్ నొక్కాలి.

స్టెప్ 3: రోజూ వాడే కమాండ్లు

అన్నిటికీ మొదటి మాట విర్ష్.

విర్ష్ లిస్ట్ --ఆల్: ఏ వీఎం నడుస్తోంది, ఏది ఆగింది.
విర్ష్ స్టార్ట్ ల్యాబ్1: ఆన్ చేయడం.
విర్ష్ షట్‌డౌన్ ల్యాబ్1: పద్ధతిగా ఆపడం.
విర్ష్ డెస్ట్రాయ్ ల్యాబ్1: పేరు చూసి భయపడొద్దు, డిలీట్ కాదు. ప్లగ్ పీకేసినట్టు ఆపడం. షట్‌డౌన్‌కు లొంగనప్పుడే వాడండి.
విర్ష్ అన్‌డిఫైన్ ల్యాబ్1: వీఎంను లిస్టులోంచి తీసేస్తుంది, డిస్క్ ఫైల్ ఉంటుంది. దీనికి --రిమూవ్-ఆల్-స్టోరేజ్ కలిపారంటే డిస్క్ కూడా పోతుంది. అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడ.
విర్ష్ డొమ్‌ఇఫ్‌అడ్రర్ ల్యాబ్1: వీఎం ఐపీ అడ్రస్. డీఫాల్ట్ నెట్‌వర్క్‌లో ఇది 192.168.122తో మొదలవుతుంది. హోస్ట్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ చేయొచ్చు, బయటి మెషీన్లు నేరుగా లోపలికి రాలేవు.

ర్యామ్ విషయంలో ఆశకు పోవద్దు. 8 జీబీలో 2 జీబీ హోస్ట్‌కు వదిలేసి మిగతాది పంచండి. డిస్క్ ఇంకో రకం: 20 జీబీ అని ఇచ్చినా ఫైల్ మొదట చిన్నగానే ఉండి, వాడే కొద్దీ పెరుగుతుంది. అన్నీ కలిపి ఎస్‌ఎస్‌డీ నిండితే వీఎంలు మధ్యలో ఆగిపోతాయి. కాబట్టి పంచిన మొత్తం అసలు సైజు దాటకుండా చూసుకోండి.

నేను దెబ్బ తిన్న చోటు

మా బాబాయి కొడుకు ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు నా దగ్గర ఒక వీఎంలో పెట్టాను. కాలేజీ నుంచి చూడటానికి ఆ వీఎంలోనే టెయిల్‌స్కేల్ వేశాను. రివ్యూ రోజు పొద్దున నేను హైదరాబాద్ బస్సులో ఉన్నా. వాడి ఫోన్: "అన్నా, సైట్ ఓపెన్ అయితలేదు. పదకొండింటికి నా నంబరు."

రాత్రి కరెంటు పోయి వచ్చిందట. బొగ్గు తీసేదీ ఇక్కడే, ఎన్టీపీసీలో కరెంటు పుట్టేదీ ఇక్కడే, అయినా గాలివానకు లైన్ పోతే పోయినట్టే. హోస్ట్ దానంతట అదే ఆన్ అయింది. వీఎం మాత్రం ఆన్ కాలేదు. టెయిల్‌స్కేల్ ఉన్నది వీఎం లోపల, అది ఆగిపోయింది కాబట్టి నాకు హోస్ట్‌లోకి వెళ్లే దారే లేదు.

ఇంట్లో ఉన్నది నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పడుకున్న నాన్న. లేపి, మానిటర్, కీబోర్డు పెట్టించి ఫోన్‌లో ఒక్కో అక్షరం చెప్పాను. పాస్‌వర్డ్ దగ్గర ఆగిపోయాడు. "ఏం పడతలేదురా తెర మీద!" కనబడదు నాన్నా, కొట్టి ఎంటర్ నొక్కు అన్నా. తర్వాత వి, ఐ, ఆర్, ఎస్, హెచ్... పది నిమిషాలకు "ఏదో స్టార్టెడ్ అని వచ్చింది" అన్నాడు. తమ్ముడు రివ్యూ ఇచ్చాడు.

సాయంత్రం నాన్న ఫోన్ చేసి అడిగింది ఒక్కటే. "బాయిల దిగేటోడు బయటికొచ్చే రెండో దారి ఎక్కడున్నదో చూసుకునే దిగుతడు. నీ సర్వర్‌కు రెండో దారి లేదారా?"

లేదు. అప్పటి నుంచి ఏ వీఎం పెట్టినా ఈ ఐదూ చేశాకే పని అయిపోయింది అనుకుంటున్నా:

1. బయాస్‌లో కరెంటు తిరిగి వచ్చాక ఆన్ అయ్యే ఆప్షన్ పెట్టడం. నాకు ఇదొక్కటే ఉండేది.
2. విర్ష్ ఆటోస్టార్ట్ ల్యాబ్1. హోస్ట్ లేవగానే వీఎం కూడా లేస్తుంది.
3. విర్ష్ నెట్-ఆటోస్టార్ట్ డీఫాల్ట్. నెట్‌వర్క్ లేవకపోతే దాని మీద ఆధారపడ్డ వీఎం కూడా లేవదు.
4. టెయిల్‌స్కేల్ హోస్ట్‌లో కూడా వేయడం. ఇదే రెండో దారి.
5. డిస్క్ ఫైల్ కాపీ వేరే హార్డ్ డిస్క్‌లో. వీఎం ఆపాకే /వార్/లిబ్/లిబ్‌విర్ట్/ఇమేజెస్ ఫోల్డర్‌లోంచి కాపీ చేయండి. స్నాప్‌షాట్‌ను బ్యాకప్ అనుకోవద్దు. మామూలుగా తీసే స్నాప్‌షాట్ అదే డిస్క్ ఫైల్‌లో ఉంటుంది, ఫైల్ పోతే అదీ పోతుంది.

అన్నీ అయ్యాక చివరి పరీక్ష: ముందు వీఎంలన్నీ షట్‌డౌన్ చేసి, హోస్ట్‌ను రీబూట్ చేసి, కీబోర్డు ముట్టుకోకుండా ఐదు నిమిషాలు ఆగండి. ఫోన్ నుంచి సైట్ ఓపెన్ అయితే మీ దగ్గర సర్వర్ ఉన్నట్టు. కాకపోతే ఎక్కడ ఆగిందో ఇంట్లో ఉన్నప్పుడే తెలుస్తుంది, బస్సులో కాదు.

ఈ ఆదివారం ఆ పాత డెస్క్‌టాప్ దుమ్ము దులపండి. మొదటి వీఎం పెట్టాక రెండోది పెట్టడానికి ఇరవై నిమిషాలు కూడా పట్టదు. వచ్చే ఆర్టికల్‌లో ఒక వీఎంను కాపీ చేసి, పేరు మార్చి మూడు చేసుకోవడం చూద్దాం.