హనుమకొండ నుంచి హిమాద్రికి

వాతావరణ మార్పు మీద పరిశోధన చేస్తా, ఆర్కిటిక్ వెళ్తా అని హనుమకొండలో ఎమ్మెస్సీ చదివే పిల్ల ఇంట్లో చెబితే ముందు నవ్వుతారు. నవ్వనివ్వండి. నార్వే ఏలుబడిలోని స్వాల్‌బార్డ్ దీవుల్లో, నీ-ఓలెసుండ్ అనే చిన్న ఊళ్లో, 2008 నుంచి మన దేశానికి ‘హిమాద్రి’ అనే పరిశోధన కేంద్రం ఉంది. దాన్ని నడిపేది గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం. 2023 డిసెంబరులో మొదటిసారి చలికాలపు బృందాన్ని కూడా పంపారు.

అయితే హిమాద్రిలో పోస్టులు పడతాయని నోటిఫికేషన్ కోసం కాచుకుని కూర్చోకండి. అక్కడికి వెళ్లేది ప్రాజెక్టు మీద. గోవా కేంద్రం ప్రతిపాదనలు పిలుస్తుంది, శాస్త్రవేత్తలు పంపుతారు, ఎంపికైనవాళ్ల బృందంలో పరిశోధక విద్యార్థులకూ చోటు దొరుకుతుంది. కాబట్టి మీరు వెతకాల్సింది గైడ్‌ని. ధ్రువాల మంచు, నేల, నాచు, గాలి మీద ఈమధ్య పేపర్లు రాసినవాళ్లెవరో చూసి మెయిల్ పెట్టండి. ‘సార్, పీహెచ్‌డీ సీటు ఉందా’ అని ఒక్క ముక్క రాస్తే జవాబు రావడం కష్టం. వాళ్ల పేపర్ చదివి, అర్థంకాని చోటు పట్టుకుని అడగండి.

డబ్బు సంగతి. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఇంటద్దె భత్యం వేరే. జియాలజీవాళ్లకు ఎర్త్ సైన్సెస్ పేపర్, బోటనీ, జువాలజీవాళ్లకు లైఫ్ సైన్సెస్. ఫెలోషిప్ ఏదైనా ఒకటో తారీఖునే పడుతుందన్న భరోసా పెట్టుకోవద్దు. రెండు మూడు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోండి.

అసలు పని మాత్రం ఇక్కడే నేర్చుకోవాలి. ఆర్కిటిక్‌లోని టండ్రా మైదానాల్లో అడుగున నేల ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉంటుంది. ఎండాకాలంలో పైపొర కొంత కరుగుతుంది. ఆ పొర మందం ఎలా కొలుస్తారంటే, ఇనుప కడ్డీ నేలలోకి దించి, గడ్డకట్టిన పొర తగిలేదాకా పోయిన లోతు రాసుకుంటారు. ఏటా అవే చోట్ల, అదే పద్ధతిలో. ఇంతేనా అనిపిస్తుంది గానీ చలిలో, వేళ్లు కొంకర్లు పోతుంటే, వందో రీడింగు కూడా మొదటిదానంత నిజాయితీగా రాయడం అందరి వల్లా కాదు. ఆ ఓపిక ఉందో లేదో తెలియాలంటే పాకాల చెరువు గట్టు చాలు. ఒక చోటు ఎంచుకుని నీటిమట్టం, నేల వేడి వారానికోసారి అదే వేళకు ఏడాదిపాటు రాయండి. తేదీ, టైము, పరికరం పేరు, తప్పిపోయిన వారాలు, అన్నీ. తప్పిపోయిన వారానికి అంకె కల్పించి రాసేవాళ్లు ఈ రంగంలోకి రాకపోతేనే మంచిది.

పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో ‘వరంగల్ వాళ్లకు ఆర్కిటిక్ ఎందుకు’ అని అడగొచ్చు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, మోరంచపల్లి అనే ఊరు మునిగింది. అది ఆర్కిటిక్ వల్లేనని నోరుజారకండి. గోవా కేంద్రం శాస్త్రవేత్తలు 2021లో ప్రచురించిన అధ్యయనం కారా సముద్రపు మంచు తగ్గడానికీ మన సెప్టెంబరు భారీ వానలకూ సంబంధం ఉండొచ్చంది. జులై సంగతి వేరు. ఈ తేడా చెప్పగలిగితే మీరు చదివారని ఎదుటివాళ్లకు తెలిసిపోతుంది.

చిన్న విషయాలు. నీ-ఓలెసుండ్‌లో వైఫై, బ్లూటూత్ కట్టేయాలి, అక్కడి పరికరాలకు అవి అడ్డం. ఊరు దాటితే ధ్రువపు ఎలుగుబంట్ల భయం, తుపాకీ శిక్షణ పొందినవాళ్లు తోడుండాలి. స్వాల్‌బార్డ్‌కు వీసా అక్కర్లేదు గానీ దారి నార్వే ప్రధాన భూభాగం మీదుగా, దీవులేమో షెంగెన్ వీసా ప్రాంతానికి బయట. అందుకే తిరిగొచ్చేటప్పుడు కూడా పనికొచ్చేలా రెండు ప్రవేశాల షెంగెన్ వీసా అడగాలి.

ఆర్కిటిక్ అవకాశం వెంటనే రాకపోతే హిమాచల్‌లోని స్పితిలో, సుమారు 4,000 మీటర్ల ఎత్తున గోవా కేంద్రమే పెట్టిన ‘హిమాంశ్’ పరిశోధన కేంద్రం ఉంది. హైదరాబాద్‌లో సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్, భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ ఉన్నాయి. సముద్రశాస్త్రం మీద ఇన్‌కాయిస్ నడిపే స్వల్పకాలిక కోర్సులకు పీజీలో ఉండగానే దరఖాస్తు పెట్టండి. పాస్‌పోర్టుకు కూడా.